చిలకపచ్చ కోటు

తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. దుప్పట్లున్నాయి, తువ్వాళ్ళున్నాయి, పిల్లల చొక్కాలున్నాయి. అన్నిటి మధ్యా ఒక్క కోటు మాత్రం తీగంతా తన సొంతం అన్నట్టు మెరుస్తోంది. చేతుల్లేని కోటు. చిలకపచ్చ రంగు. ఛాతీకి అడ్డంగా ఒక రేడియం పట్టీ, భుజాల మీదుగా చెరొకటి. ఎండ పడితే ఆ పట్టీలు కళ్ళలో సూదుల్లా దిగుతాయి.

గొలుసు గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటూ దాన్నే చూస్తున్నాడు. తోమినచోటే తోముతున్నాడు.

"ఏమండీ, చాలు. పళ్ళు అరిగిపోతాయి," అంది లోపల్నుంచి భార్య.

"అరిగితే అరగనీ. వాటికేమన్నా పచ్చకోటు తొడుగుతారా ఏంటి?"

ఆ కోటు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఏ మాట ఎత్తినా ఆయన అక్కడికే వస్తున్నాడని ఆవిడకి తెలుసు. వంకాయ ధర అడిగినా అక్కడికే వస్తాడు.

అతనికి పెట్టిన పేరు వేరే ఉంది గాని అది రేషను కార్డులోనే ఉండిపోయింది. సిమెంటు తూములు పోసే యార్డులో క్రేను కొక్కేనికి గొలుసులు కట్టడం అతని పని. అందుకని అందరికీ గొలుసే. మనిషి లోపల నిటారుగా నిలబడేటంత తూముకి అతను గొలుసు చుట్టి ఒక్కసారి లాగి చూశాడంటే ఇక దానికి తిరుగులేదు. ఇన్నేళ్ళలో అతను కట్టిన తూము జారింది లేదు.

ఆ యార్డులో అందరూ వేసుకునేది నారింజరంగు కోటు. పోత పోసేవాళ్ళూ, తూముల కింద చెక్క దిమ్మలు పెట్టేవాళ్ళూ, ఊడ్చేవాళ్ళూ అందరిదీ అదే. "మనమంతా సన్యాసులం రా," అని నవ్వుకునేవాళ్ళు. ఒక్క మనిషికి మాత్రం చిలకపచ్చ కోటు. ఆ మనిషి కింద నిలబడి చెయ్యెత్తితే తూము లేస్తుంది. చెయ్యి పక్కకి ఊపితే క్రేను పట్టాల మీద నడుస్తుంది. అరచెయ్యి కిందికి పెట్టి గుండ్రంగా తిప్పితే దిగుతుంది.

క్రేను నడిపేది ఒక ఆడమనిషి. నిచ్చెనెక్కి పొద్దున పైకి పోతే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే కిందికి దిగేది. అందరూ పైనావిడ అనేవాళ్ళు. అంత ఎత్తునుంచి ఆవిడకి మొహాలు కనబడవు. హెల్మెట్లు కనబడతాయి, కోట్లు కనబడతాయి. పచ్చకోటు చెయ్యి ఊపితే మీట కదుపుతుంది. నారింజ కోటువాడు నెత్తిన నిప్పంటుకున్నట్టు గెంతినా, సూపర్వైజరే వచ్చి బతిమాలినా కదపదు. "ఏ మనిషన్నది నాకెందుకు? ఏ రంగన్నదే నాకు కావాలి," అనేది.

మునుపు పచ్చకోటు వేసుకున్న ముసలాయన పని మానుకున్నప్పుడు, ఇక అది గొలుసుదే అనుకున్నారందరూ. అందరికంటే ముందు గొలుసే అనుకున్నాడు. ఆవేళ నున్నగా గడ్డం గీసుకుని మరీ వెళ్ళాడు. సూపర్వైజరు వచ్చి, పక్కనే నిలబడ్డ మనిషి భుజాల మీద కోటు వేశాడు.

ఆ పక్కన నిలబడ్డది ఎవరో కాదు. గొలుసుకి తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు.

పరాయివాడైతే కొంత ఓర్చుకోవచ్చు. ఇతన్ని యార్డు గేటు లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది గొలుసే. హెల్మెట్ పట్టీ గడ్డం కింద ఎంత బిగించుకోవాలో చూపించింది గొలుసే. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే అనుకున్నాడు.

సూపర్వైజరుని అడిగాడు కూడా.

"నీలాగా గొలుసు కట్టేవాడు నాకెక్కడ దొరుకుతాడయ్యా?" అన్నాడు సూపర్వైజరు. "నీ పని నీది, అతని పని అతనిది."

అంటే బాగా మోసే గాడిదకి ఇంకో మూట అన్నమాట. పెరటి చెట్టు మందుకి పనికిరాదు అన్నమాట. గొలుసు ఆ మాటని రకరకాలుగా తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా చేదుగానే ఉంది.

తోడల్లుడికి యార్డులో చిలక అని పేరు పడింది. పేరు పెట్టింది గొలుసే, వెక్కిరింపుగా. అదీ అతనికి కలిసొచ్చింది. "చిలకా, ఇటు రా", "చిలకా, టీ తాగు" అని ముద్దుగా పిలవడం మొదలెట్టారు. గొలుసు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇంటి దగ్గరైనా మనశ్శాంతి ఉందా అంటే, లేదు. రెండు కాపురాలదీ ఒకటే వరండా, ఒకటే వంటగది, బట్టలారేసే తీగ కూడా ఒకటే. అక్కచెల్లెళ్ళు కలిసి వండుకుంటారు. వాళ్ళ అమ్మ కూడా అక్కడే ఉంటుంది. ఆవిడకి చూపు మందగించింది. నోటికి మాత్రం కుర్రదనం పోలేదు.

"చిన్నల్లుడు కోటేసుకుని వస్తుంటే, వీధి చివర్నుంచే కనిపిస్తాడే నాకు!" అంది ఒకరోజు సాయంత్రం.

"మరి బావగారో?" అంది చిన్నకూతురు, ఏ దురుద్దేశమూ లేకుండానే.

"పెద్దల్లుడా? దగ్గరికొచ్చి దగ్గుతాడుగా, అప్పుడు తెలుస్తుంది."

అక్కచెల్లెళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు. గొలుసుకి అరికాలి మంట నెత్తికెక్కింది. దగ్గొచ్చినా ఆపుకున్నాడు.

మరదలు ఆ కోటుని ఉతికే తీరు వేరు. చల్లటి నీళ్ళు, విడిగా ఒక బక్కెట్టు. తిరగేసి పిండకుండా నీళ్ళోడ్చి, నీడపట్టున ఆరేసేది. నీడ జరిగితే కోటూ జరిగేది.

"వేడి తగిలితే రేడియం పోతుందక్కా," అనేది.

గొలుసు కోటు ఇల్లు తుడిచే గుడ్డతోపాటే నానేది. వెలిసిపోయి, నారింజ పోయి, పాత ఇటుక రంగులోకి దిగింది.

"నా కోటూ కాస్త విడిగా ఉతకరాదూ?" అన్నాడు భార్యతో.

"మీ దాంట్లో రేడియం ఎక్కడుందండీ పోవడానికి? అది పోయి ఎన్నేళ్ళయిందో."

నిజమే. అందుకే మరీ మండింది.

చిలక తిట్టడానికీ వీలుగా ఉండేవాడు కాదు. గర్వం లేదు. "అన్నయ్యా, ఈ తూము ఇటు పెడదామా, అటు పెడదామా?" అని అడిగి మరీ చెయ్యెత్తేవాడు. అడిగితే అడిగాడని కోపం. తనని అడక్కుండా ఎత్తితే అడగలేదని కోపం. పొద్దస్తమానం గొలుసు తలెత్తి అతని చేతినే చూసేవాడు. ఆ చెయ్యి ఇంత ఎత్తు లేచేసరికి ఏనుగంత తూము గాల్లోకి లేవడం. తను కట్టిన తూము. తను చుట్టిన గొలుసు. లేపింది మాత్రం వాడు. చాకిరీ ఒకడిది, చెయ్యి ఇంకొకడిది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆదివారం నాటిది ఒక ఎత్తు.

గొలుసుకి ఒకతే కూతురు. ఆ పిల్ల వరండాలో బాబాయి కోటు వేసుకుని నిలబడింది. అది పాదాల దాకా వేలాడుతోంది. "నాన్నా, క్రేనాట ఆడదాం రా," అంది.

గొలుసు మురిసిపోయి వెళ్ళాడు. "సరే. నేను పచ్చకోటు, నువ్వు క్రేను."

"కాదు. నేను బాబాయిని. నువ్వు తూమువి. పడుకో."

పడుకున్నాడు. పిల్ల చెయ్యెత్తింది. లేచాడు. అరచెయ్యి తిప్పింది. దిగాడు. మళ్ళీ ఎత్తింది. వంటింటి గుమ్మంలో నిలబడి చిలక నవ్వుతున్నాడు. "అలా కాదమ్మా, మోచెయ్యి వంచకు," అని నేర్పుతున్నాడు కూడా. గొలుసు లేస్తూ, దిగుతూ, ఆ పచ్చరంగుని కిందనుంచి చూశాడు. సొంత కూతురు. సొంత వరండా. ఇక్కడ కూడా తను తూమే.

ఒక్కసారి. ఒక్కసారి ఆ క్రేను తన చెయ్యి మాట వినాలి. ఆ తరవాత ఏమైనా కానీ. అదే అతనికి పట్టుకుంది.

మర్నాడు పొద్దున తీగ మీద ఉతికిన కోటు ఆరుతోంది. చిలకకి రెండున్నాయి, ఒకటి ఒంటిమీద, ఒకటి తీగ మీద. గొలుసు అటూ ఇటూ చూసి దాన్ని లాగి చొక్కా మీద వేసుకున్నాడు. పైన తన ఇటుకరంగు కోటు వేసుకుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. రోజూ పెట్టుకునే అలవాటు లేదు.

దారిలో చిలక అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏంటన్నయ్యా, కాస్త ఒళ్ళు చేసినట్టున్నావ్?"

"మీ వదిన వంట," అన్నాడు గొలుసు. చెమట్లు పట్టాయి.

అవకాశం టీ తాగాక వచ్చింది. పెద్ద తూము ఒకటి పేర్చవలసి ఉంది. గొలుసు దానికి గొలుసు చుట్టి, కొక్కేనికి తగిలించి, లాగి చూశాడు. ఇంతలో గేటు దగ్గర లారీ డ్రైవరెవడో ఎటు పెట్టాలో తెలీక హారను కొడుతున్నాడు. "ఒక్క నిమిషం అన్నయ్యా, వాణ్ణి లోపలికి తెచ్చి వస్తా," అని చిలక వెళ్ళాడు. వెళుతూ పైకి చూసి పిడికిలి బిగించి చూపించాడు, ఆగమని. పైనావిడ మీటల మీద నుంచి చేతులు తీసి మంచినీళ్ళు తాగుతోంది.

గొలుసు గుండీలు విప్పాడు. పాత కోటు తీసి తూముల పేర్పు మీద పడేశాడు. లోపల్నుంచి చిలకపచ్చ బయటపడింది. నడుం నిటారుగా పెట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, పచ్చకోటు మనిషి నిలబడేచోట నిలబడ్డాడు. చెయ్యెత్తాడు.

ఏమీ జరగలేదు. ఆవిడ సీసా మూత పెట్టుకుంటోంది. తరవాత పైన ఎక్కడో మోటారు గుర్రుమంది. తూముకి చుట్టిన గొలుసు బిగిసింది. తూము నేల వదిలింది.

అబ్బ! ఏం చెప్పాలి ఆ సుఖం. వేలి కొసలకి అంత బరువు కట్టినట్టుంది, బరువు మాత్రం లేదు. చెయ్యి కాస్త పైకంటే కాస్త పైకి. పక్కకంటే పక్కకి. గున్నేనుగు పిల్లాడి వెంట వచ్చినట్టు తూము అతని వెంట వస్తోంది. ఇన్నాళ్ళూ ఇదంతా వాడొక్కడే తిన్నాడన్నమాట. ఆ సుఖంలో కూడా అతనికి ఆ ఆలోచనే వచ్చింది.

చుట్టూ పనివాళ్ళు చేతుల్లో పని వదిలి చూస్తున్నారు. "ఒరేయ్, గొలుసుకి రెక్కలొచ్చాయి రా!" అని ఎవరో అరిచారు. గొలుసు విననట్టే నిలబడ్డాడు. లోపల మాత్రం ఆ మాటని మడిచి దాచుకున్నాడు.

అప్పుడే లారీ వెనకనుంచి చిలక వచ్చాడు. అతని ఒంటిమీదా పచ్చకోటే.

క్రేను ఆగిపోయింది.

యార్డులో ఎవరూ ఎన్నడూ అలాంటిది చూడలేదు. పైనావిడకి కింద రెండు పచ్చలు కనబడ్డాయి. ఆవిడ మీటలు వదిలేసి, అద్దంలోంచి అందరికీ కనబడేలా చేతులు కట్టుకుని కూర్చుంది. తూము గాల్లో వేలాడుతోంది. మెల్లగా తిరుగుతోంది.

చిలక దగ్గరికొచ్చాడు. కోటు చూశాడు, గొలుసు మొహం చూశాడు. అర్థమైంది.

"అన్నయ్యా, పైన బరువుంది. ముందు దించేద్దాం. తరవాత మాట్లాడుకుందాం."

"దించుదువుగాని. ముందు నీ కోటు తియ్యి."

"నేనా?"

"నేనెందుకు తియ్యాలోయ్? నువ్వు లేనప్పుడు ఎత్తింది నేను. ఎత్తినవాడే దించుతాడు."

చుట్టూ చేరినవాళ్ళు ఊరుకోలేదు. "పందెం వెయ్యండ్రా, ఏ చిలక ముందు ఈకలు రాలుస్తుందో!" అన్నాడొకడు. "తోడల్లుళ్ళ పంచాయితీ రా, అత్తగారిని పిలవండి," అన్నాడు ఇంకొకడు. నవ్వులు. పోత దగ్గర మూస కడుగుతున్న చీపురమ్మ మాత్రం నవ్వలేదు. యార్డు ఊడ్చే మనిషి, అందరికంటే పెద్దది. "పైన బరువు పెట్టుకుని కింద ఆటలేంటి బాబూ!" అంది.

గొలుసుకి తగ్గాలని లేకపోలేదు. ఇప్పుడు తీస్తే ఇంతమందిలో తీసినట్టు. నవ్వు ఇంటిదాకా వస్తుంది. వరండాదాకా వస్తుంది. పళ్ళు బిగించి నిలబడ్డాడు.

చిలక ఒక్కసారి పైకి చూశాడు, తిరుగుతున్న తూముని. ఇక ఏమీ అనకుండా తన కోటు విప్పి, మడిచి, చీపురమ్మ చేతికిచ్చాడు. పేర్పు మీద పడున్న గొలుసు పాత కోటు తీసి తను వేసుకున్నాడు. కోటు లేకుండా యార్డులో నిలబడకూడదు మరి.

"సరే అన్నయ్యా. నువ్వు దించు. దిమ్మలు నేను పెడతా."

పైనావిడ చేతులు విప్పింది.

గెలిచింది గొలుసు. గెలిచినట్టు మాత్రం లేదు. విప్పిన తీరు చూడు! అదేదో దానమిచ్చినట్టు. తన వెలిసిన కోటు కూడా వాడి ఒంటిమీద బాగానే ఉంది, చూడు! అనుకుంటూనే చెయ్యి ఊపాడు. తూము పేర్పు మీదికి వచ్చింది. అరచెయ్యి తిప్పడం మొదలెట్టాడు. తూము దిగుతోంది.

దిగుతుండగా గొలుసులో మెలిక కనబడింది. తూము గాల్లో తిరిగినప్పుడు పడ్డ మెలిక. ఒక లింకు సగం పక్క లింకు మీదికెక్కి కూర్చుంది. ఏమీ కాదు అది, కింద పెట్టాక విప్పుకోవచ్చు. గొలుసు కళ్ళు దాని మీదికి పోయాయి. ఏళ్ళ తరబడి పోయే చోటికే పోయాయి. లింకు జారుతుందా, నిలుస్తుందా అని చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

కింద చిలక పెట్టిన దిమ్మ ఒకటి పక్కకి ఒరిగింది. సరిచేద్దామని కాలు తూములకి మధ్యన పెట్టి వంగాడు. ఎప్పుడూ దూరంగా నిలబడి చెయ్యెత్తే మనిషి. అక్కడ కాలు పెట్టకూడదని గొలుసు కట్టేవాడికి తెలుస్తుందిగాని అతనికేం తెలుసు?

పైనావిడకి అతను కనబడ్డాడో లేదో. కనబడినా, పచ్చచెయ్యి దించమంటోంది.

"ఆపూ!"

ఆ కేక చీపురమ్మది. ఒక చేత్తో చీపురు, ఇంకో చేతిలో చిలక మడిచిచ్చిన కోటు. రెండు చేతులూ బార్లా చాపి, మూస కడిగిన నీళ్ళలో జారుతూ పరిగెత్తుకొచ్చింది. ఆగమని చెప్పడానికి మాత్రం ఆ యార్డులో రంగు అక్కర్లేదు. ఎవరు చేతులు చాపినా పైనావిడ ఆపుతుంది. ఆపింది. తూము ఒక్కసారి ఊగి నిలిచింది.

చిలక కాలు లాక్కున్నాడు. బూటు రాలేదు. దాని ముక్కు తూముకీ దిమ్మకీ మధ్య నలిగి అక్కడే ఉండిపోయింది. అతను నేల మీద కూర్చుని పాదం రెండు చేతుల్లో పట్టుకున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

గొలుసు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించడానికి కూడా భయమేసింది. దించితే ఇంకేం దిగుతుందో!

పని జరిగే వేళలో పైనావిడ నిచ్చెన దిగడం ఎవరూ చూడలేదు. ఆవేళ దిగింది. నేరుగా గొలుసు దగ్గరికొచ్చింది. కేకలు వెయ్యలేదు.

"అన్నా," అంది, "నాకు చెయ్యిచ్చావు. కళ్ళు మాత్రం గొలుసుకిచ్చావు. కింద నాకు వేరే కళ్ళున్నాయా? నీవే కదా!"

అంతే. వెళ్ళి చిలక పక్కన కూర్చుని పాదం చూసింది. వేళ్ళు కదులుతున్నాయి. ఎముకేం పోలేదు, వాచింది.

సూపర్వైజరు వచ్చాడు. కోటు తీసివ్వమన్నాడు. మళ్ళీ పిలిచేదాకా యార్డు వైపు రావద్దన్నాడు. గొలుసు తీసిచ్చాడు. అందరూ చిలక చుట్టూ మూగారు. ఒకడు కుర్చీ తెచ్చాడు, ఒకడు టీ తెచ్చాడు, ఒకడు మంచుగడ్డ తెచ్చాడు. గొలుసు పక్కన ఎవరూ నిలబడలేదు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా, ఆ మూగినవాళ్ళని చూసి అతని కడుపులో చిన్న మంట లేచింది. దెబ్బ కూడా వాడికే తగిలింది. తనకి తగిలి ఉంటే! తనకి తగిలితే ఇంతమంది వచ్చేవాళ్ళా? అని లెక్క వేసుకున్నాడు. వేసుకున్నందుకు తనని తానే తిట్టుకున్నాడు. మళ్ళీ వేసుకున్నాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి బయలుదేరారు. చిలక కుంటుతున్నాడు. ఒక చెయ్యి గొలుసు భుజం మీద వేశాడు. బరువుగానే ఉన్నాడు.

"కాలు తియ్యమని అరుద్దును," అన్నాడు గొలుసు చివరికి. "చూడలేదోయ్."

"తెలుసన్నయ్యా." నాలుగడుగులు వేశాక, "ఇంట్లో చెప్పొద్దు. ఆఫీసు మెట్ల మీద జారానని చెప్తా. నీకు సెలవిచ్చారందాం."

గొలుసు తల ఊపాడు. ముందు గుండె మీదనుంచి తూము దిగినట్టు అనిపించింది. వీధి మలుపు తిరిగేసరికి అదే మాట వేరే రకంగా తోచడం మొదలెట్టింది. కోటు వాడిదే. దెబ్బ వాడిదే. ఇప్పుడు మంచితనం కూడా వాడిదేనా? ఇక బతికినన్నాళ్ళూ, వాడు నోరు తెరవకుండా నన్ను కాపాడుతూ ఉంటాడు. ప్రతిపూటా, కూర వడ్డించుకునేటప్పుడు, పిల్లకి లెక్కలు చెప్పేటప్పుడు, నవ్వుతూ కాపాడుతూ ఉంటాడు. నాకొక్కడికే కనబడే పచ్చకోటు అది. దాన్ని ఎవడు ఓర్చుకుంటాడు?

ఇంటిదగ్గర గోల. మరదలు నడుం మీద చెయ్యేసి గోడ మీదుగా పక్కింటావిడతో తగవు పడుతోంది.

"మా తీగ మీద కోటు మీ ఇంటివైపు ఎగరక మరెటు ఎగురుతుందమ్మా?"

"నాకెందుకే మీ రేడియం కోటు? వేసుకుని వంట చేస్తానా, పొయ్యికి కనబడాలని?"

"నేనే తీసుకెళ్ళానే," అన్నాడు చిలక గేటులోంచి. "చెప్పడం మరిచిపోయా. యార్డులో ఉంది."

చూశావా! అడక్కముందే ఇంకోటి కప్పాడు, అనుకున్నాడు గొలుసు.

కుంటడం చూసి ఆడవాళ్ళు ముగ్గురూ చుట్టుముట్టారు. పీట వేశారు, నీళ్ళు కాచారు. అత్తగారు వాచిన వేళ్ళని తడిమి చూసి, "నా తండ్రే, నా బంగారమే," అని కళ్ళు ఒత్తుకుంది. గొలుసు కూతురు బాబాయి పాదం మీద నోటితో ఊదుతోంది.

"ఎలా జరిగిందండీ?" అంది మరదలు.

"ఏం లేదే. ఆఫీసు మెట్ల మీద..."

"మెట్లూ లేవు, గిట్లూ లేవు!" అన్నాడు గొలుసు.

అంత గట్టిగా అంటాడని అతను కూడా అనుకోలేదు. అందరూ తలెత్తారు. చిలక వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ చూసేసరికి గొలుసుకి ఇంకా తొందర పుట్టింది, ఎవరో ముందు లాక్కుపోతారన్నట్టు.

"కోటు తీగ మీదనుంచి దొంగిలించింది నేను. పక్కింటావిడ కాదు, ఇతనూ కాదు. వేసుకుని క్రేనుకి చెయ్యి చూపించింది నేను. ఇతని కాలు అక్కడుందని చూడకుండా దించమన్నది నేను. చీపురమ్మ అరవకపోతే కాలు పోయేది. నన్ను పనిలోంచి పంపించేశారు, పిలిచేదాకా రావద్దన్నారు. అదీ సంగతి."

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భార్య చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఎందుకు బావా?" అంది మరదలు. తిట్టలేదు. నిజంగానే అడిగింది.

"ఎందుకంటే ఏం చెప్పను? నాకు కుళ్ళు. కడుపులో కుళ్ళు. ఆ కోటు నాకు రావాలి అనుకున్నా. ఇప్పటికీ అనుకుంటున్నా."

చిలక పీట మీద ఇటు తిరిగాడు. "అలా అనకు అన్నయ్యా. వదినా, తప్పు నాది కూడా ఉంది. తూము కింద కాలు పెట్టింది నేను. అసలు కోటు విప్పకుండా ఉండాల్సింది. సగం తప్పు..."

"చూశావా, చూశావా!" గొలుసు లేచి నిలబడ్డాడు. "ఇందులోనూ వాటాకొస్తున్నాడు! ఒరేయ్, ఇదొక్కటైనా నన్ను ఉంచుకోనివ్వవురా? ఇది నాది. మొత్తం నాది. సగం లేదు, పావు లేదు. నీకు ఇందులో ఏమీ ఇవ్వను!"

చిలక నవ్వొస్తే మింగాడో, ఏడుపొస్తే మింగాడో తెలీదు. ఎప్పుడూ తొణకని మనిషికి మొదటిసారి కోపం వచ్చినట్టు మొహం ఎర్రబడింది.

"సరే," అన్నాడు. "నీదే. కాలు చచ్చేంత నొప్పిగా ఉంది. నీ వల్లే. సరేనా?"

"సరే," అన్నాడు గొలుసు. కూర్చున్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా, చాలారోజుల తరవాత అతనికి తోడల్లుడి కళ్ళలోకి చూడబుద్ధయింది. చూశాడు. మామూలు కళ్ళే. బాగా అలిసిపోయి ఉన్నాయి.

అత్తగారు నోరు చేసుకుంది. "అంతేలే. అయినా మా చిన్నల్లుడిది ఎంత పెద్ద మనసు కాకపోతే, కాలు తీసినవాణ్ణి..."

"అమ్మా," అంది గొలుసు భార్య, గరిటె గిన్నెలో పెట్టి. "నువ్వు కాసేపు నోరు మూసుకుని కూర్చో."

ఆవిడ మొగుడి వైపు చూడలేదు. ఆ పూటంతా చూడలేదు. కంచం మాత్రం తెచ్చి అతని ముందు పెట్టింది.